నిండుకున్న కొట్టు

పర్సుడీహ్ బజారులో సన్యాసమ్మ కొట్టంటే ఆ హిందీ ఊళ్లో చుట్టుపక్కల తెలుగువాళ్లకు పుట్టింటి వంటగదే. చింతపండు, నల్లబెల్లం, గుమ్మడి వడియాలు, మినప అప్పడాలు. వీటికోసం ఊరి ఆ కొసనున్న భుయ్యాడీహ్ నుంచి కూడా ఆటో కట్టించుకుని వచ్చేవారు. ఆ కొట్టులో ఒక్క మాట మాత్రం వినపడేది కాదు. గల్లాపెట్టె ముందు కూర్చుని ‘లేదు’ అన్నావంటే లక్ష్మి గడప దిగి వెళ్లిపోతుందని, కొట్టు అప్పగించిన రోజునే అత్తగారు చెప్పింది. అందుకని ఏ సరుకు అయిపోయినా సన్యాసమ్మ ‘నిండుకుంది’ అనేది. వచ్చినావిడ సంచీ మడుచుకుని ఇంకోటేదో అడిగేది. అర్థం విడమరచాల్సిన అవసరం ఏనాడూ రాలేదు.

తర్వాత పెద్ద రోడ్డు మీద మాల్ లేచింది. లోపల చల్లగాలి, వాటంతటవే కదిలే మెట్లు, పిల్లలకు ఆటలు. సరే, బాగానే ఉంది. మన అప్పడాలకు కూడా అక్కడో అలమర పెట్టారు. ఇంక బేరాలేం వస్తాయి? జనాన్ని అనడానికీ లేదు, ఎండలో నిలబడి చింతపండు తూయించుకోమని ఎవర్ని బతిమాలతాం? ఇంత కొంచెం సరుకు రైలుకెత్తలేనని శ్రీకాకుళం షావుకారు పంపడం మానేశాడు. కొట్లో డబ్బాలు ఒకటొకటే ఖాళీ అయ్యాయి.

సన్యాసమ్మ గుండెలో ముల్లు మాత్రం అది కాదు. మనవరాలు బిందుప్రియ. కొడుకు మురళి కూతురు. ఆ మాల్‌లోనే బిల్లు కౌంటర్లో ఉద్యోగం. తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే రకం. ఫోను చేసినప్పుడల్లా కొట్టెలా ఉందని అడిగేది. అన్నీ నిండుకున్నాయమ్మా అని ఈవిడ గొంతు తగ్గించి చెబితే, అటునుంచి ‘అరే వాహ్, బహుత్ అచ్ఛా!’ అని సంబరం. మొన్నయితే కేకే వేసింది, శనివారం వస్తున్నానంటూ. నానమ్మ కొట్టు ఖాళీ అయితే అంత సంబరమా? జీతమిచ్చే మాల్ గెలిచిందనా? ఈ చేతులతో పెంచిన పిల్ల! సన్యాసమ్మ ఎవరికీ చెప్పుకోలేదు గానీ, అన్నం సయించడం మానేసింది.

శనివారం పొద్దున్న కొట్టు ముందు వ్యాన్ ఆగింది. బిందుప్రియ, ఆమె వెనకాలే మాల్‌లో కిరాణా విభాగం చూసే సీతారాం దిగారు. అతను నమస్కారం పెట్టి సంగతి చెప్పాడు. ప్యాకెట్ అప్పడాలు తెలుగువాళ్లకు నచ్చడం లేదట. సన్యాసమ్మ పేరుతోనే మాల్‌లో ఒక మూల ఇస్తారట. రేపే ప్రారంభం. కొట్లో సరుకుకు లోటు లేదని మనవరాలు మాటిచ్చిందట.

బిందుప్రియ గొప్పగా పెద్ద డబ్బా మూత తీసింది. అడుగున రేకు కనబడింది. పక్కది తీసింది. అదీ అంతే. వరసన అన్ని మూతలూ తీసేసింది. సీతారాం మర్యాదగానే, సాక్చిలో ఇంకో షావుకారు ఉన్నాడు, ఆయన్ని అడుగుతానని వ్యాన్ ఎక్కి వెళ్లిపోయాడు.

“ఆప్‌నే హీ తో బోలా, నిండుకున్నాయని!” పిల్ల నానమ్మ వైపు తిరిగింది. “నిండుగా ఉన్నాయనే కదా?”

సన్యాసమ్మకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ ఆ పిల్ల సంబరపడింది కొట్టు కళకళలాడుతోందని. తనేమో దాన్ని లోలోపల శాపనార్థాలు పెట్టుకుంటూ కూర్చుంది. మొన్న ఫోన్లో ఒక్క ముక్క తిన్నగా చెప్పుంటే, సరుకు ఎక్కడినుంచైనా తెప్పించుకునేవారు.

గల్లాపెట్టె ముందు కూర్చునే, గోడమీది అత్తగారి పటం చూస్తుండగానే, ఆవిడ ఆ మాట అనేసింది.

“లేదమ్మా. కొట్లో ఏటీ లేదు. శానా నాళ్లయిపోనాది.”

బిందుప్రియ ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. సన్యాసమ్మ జుట్టు నిమురుతూ ఉండిపోయింది. కొట్టు పోయిందన్న దుఃఖం అలాగే ఉంది. పిల్ల మీద పెట్టుకున్న కోపం మాత్రం సిగ్గయిపోయింది.

కాసేపటికి పటం తీసి కొంగున తుడిచి సంచీలో పెట్టుకుంది. రేపట్నుంచి రానక్కర్లేదని తనకు తానే చెప్పుకుని, కొట్టు కట్టెయ్యమంది.

బిందుప్రియ షట్టరు మీద చెయ్యి వేసి ఆగింది. మళ్లీ మాట తప్పుగా అర్థం చేసుకుంటుందేమోనని ఈసారి భయం వేసింది దానికి.

“కట్టెయ్యడం అంటే...” తెలుగులోనే అడిగింది, “ఏటి నానమ్మా?”

మూసెయ్యడమని చెప్పడానికి సన్యాసమ్మకు నోరు రాలేదు. పక్క కొట్ల హిందీవాళ్లు షట్టరు దించేటప్పుడు అనుకునేది గుర్తొచ్చింది. వాళ్లూ మూయడమనరు, పెంచడమంటారు.

“దుకాన్ బఢా దే, బేటీ,” అంది.

పిల్లకు అర్థమైంది. రెండు చేతులా షట్టరు కిందికి లాగింది.