జడ బరువు

సంచిలో ముందు రెండు నిక్కర్లు పెట్టాను. తర్వాత పళ్ళకు పెట్టుకునే రబ్బరు తొడుగు, చేతులకు చుట్టుకునే పట్టీలు. నీళ్ళ సీసా కూడా పెట్టబోతే నా మనవరాలు తీసి బల్ల మీద పెట్టేసింది.

"అది కనబడితే దాహమేస్తుంది అమ్మమ్మా."

నిన్నటి నుంచి గుక్కెడు నీళ్ళు తాగలేదు. బోనులో కొట్లాడే ఆట ఆమెది. పోటీకి ముందురోజు తూకం వేస్తారు. ఎవరో గాయపడి తప్పుకుంటే ఆ చోటుకు ఈమెను పిలిచారు. రెండు నెలల్లో దించుకోవలసిన బరువును వారంలో దించుతోంది.

"రానని చెప్పవే. కళ్ళు గుంటలు పడ్డాయి నీకు."

"చెప్తే ర్యాంకుల్లోంచి తీసేస్తారు. ఇప్పుడు పద్నాలుగు. పదిహేను దాటితే ఇక నేనెవరో, వాళ్ళెవరో."

"నువ్వు పడగొట్టిన పిల్ల తొమ్మిదిలో ఉందన్నావుగా?"

"దాని నవ్వు బాగుంటుంది. ర్యాంకులకు ఓట్లేసేవాళ్ళు నా గుద్దు తినలేదు కదా."

పోటీలు నడిపే కంపెనీ గుర్తు ఒంటిమీద వేసుకున్నందుకు ఇచ్చే డబ్బు కూడా ర్యాంకును బట్టే. ఇదివరకు మా వీధి బేకరీ ఆయన తన దుకాణం పేరు నిక్కరు మీద వేయించుకుని కాస్త ఇచ్చేవాడు. ఇప్పుడు కంపెనీది తప్ప మరో పేరు ఉండకూడదట. నేను కుట్టిన పేరును నేనే విప్పాను. కుట్ల గుర్తులు మాత్రం పోలేదు.

ఆమె కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టి, వీపు నావైపు తిప్పి కూర్చుంది.

"జడ కోసెయ్."

"మతి పోయిందా?"

"చివరికి వెంట్రుకలు కూడా బరువే. అక్కడైతే ఎవరో అడ్డదిడ్డంగా కోస్తారు. నువ్వైతే తిన్నగా కోస్తావు."

ఆమెకు ఆట నేర్పేది నా కొడుకే. గుమ్మంలో నిలబడి తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

"మేనమామవి, నువ్వైనా చెప్పరా."

"చెప్పానమ్మా. గెలిస్తే పదిలోకి వస్తుంది. ఓడినా ర్యాంకు ఉంటుంది."

"పిల్ల ఉంటుందా?"

నేను కోశాను.

ఆమె ఆ జడను వంటింటి త్రాసు మీద వేసింది. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది.

"ఇంతేనా? ఇన్నేళ్ళు నువ్వు రాసిన నూనెంతా దండగ అమ్మమ్మా" అని నవ్వింది. పెదవి చిట్లింది కానీ నెత్తురు రాలేదు.

"వెళ్ళొస్తా. రాగానే కడివెడు నీళ్ళు తాగుతా."

శుక్రవారం పొద్దున నా కొడుకు ఫోన్ చేశాడు. బరువు సరిపోయిందట. వేదిక మెట్లు దిగుతూ పడిపోయిందట.

సోమవారం కొత్త ర్యాంకులు వచ్చాయి. పోటీ చేయలేదు కనుక ఆమె పేరు తీసేశారు. తొమ్మిదో పిల్ల ఎనిమిదికి వెళ్ళింది.

సంచి నా కొడుకు తెచ్చాడు. నా మనవరాలు తిరిగి రాలేదు. ఆ శుక్రవారం సాయంత్రమే ఆసుపత్రిలో పోయింది.