డప్పులు కాచే మంట

ఐదో మోపు దించి సత్యవేదం నడుం పట్టుకున్నాడు. గట్టు మీంచి ఎండగట్టిన చేపల చెరువులోకి దిగే దారి నిలువుగా ఉంటుంది. అరవై ఎనిమిదేళ్ల మోకాళ్లకు మరీను. గట్టు మీద ఇంకా పది మోపుల గడ్డి ఉంది.

చెరువు అడుగున మట్టి పెంకులు పెంకులుగా పగిలింది. చేపల పట్టుబడి అయి నెలైనా నీచు వాసన పోలేదు. ఆ పెంకుల మీదే నలభై గుడారాలు లేచాయి. ఏటా మార్చిలో ఏలూరు నుంచి, తాడేపల్లిగూడెం నుంచి, ఉండి నుంచి పాటగాళ్లొచ్చి ఇక్కడే వండుకుని, ఇక్కడే పడుకుని, మూడు రోజులు మంటల చుట్టూ పల్లెపాటలు పాడతారు. కొల్లేటికోట దగ్గర ఈ చెరువుకి సత్యవేదం కాపలాదారు. పండుగలో అతని పని గడ్డి మంట వేసి డప్పులు కాచడం. చల్లగాలికి తోలు వదులవుతుంది. సెగ చూపిస్తే బిగుస్తుంది. సెగ ఎక్కువైతే పగులుతుంది. ఎంత చాలో అతని గోటికి తెలుసు.

వాయించడం మాత్రం మానేసి నాలుగేళ్లయింది.

"తాతగారండీ, మా డప్పుకి మంట అక్కర్లేదండీ. ప్లాస్టిక్‌ది," అంది తాడేపల్లిగూడెం కాలేజీ పిల్ల మానస.

"అయితే దానిమీద వడియాలు పెట్టుకోండమ్మా. బాగా ఎండుతాయి."

పిల్ల నవ్వింది. అతను నవ్వలేదు.

మిట్టమధ్యాహ్నం ఆటో దిగి యోసేపు వచ్చాడు. సత్యవేదం భార్య నిర్మలకి తమ్ముడు. ఈ పండుగలో అతని గొంతుకి ఎదురులేదు. ఇప్పుడు అంత ఎండలోనూ మంకీ క్యాపు పెట్టుకుని, పది అడుగులకోసారి ఆగుతున్నాడు.

"బావగారూ, బాగున్నారా?"

సత్యవేదం మోపు విప్పుతున్నాడు.

"గుండె సగమే పనిచేస్తోందంటండీ. పాడొద్దన్నారు. అక్క పాట ఈ ఒక్కసారీ పాడి మానేస్తాను. మీరు వాయిస్తారా?"

"మీ అక్క రమ్మన్నప్పుడు ఏమన్నావు?"

యోసేపు మంకీ క్యాపు కిందికి లాక్కున్నాడు.

"పాట అయ్యాక వస్తానన్నావు," సత్యవేదమే చెప్పాడు.

నాలుగేళ్ల కిందట, పండుగ రెండో రోజు అది. ఏలూరు ఆసుపత్రిలో నిర్మల తలుపు వంకే చూస్తూ పడుకుంది. చెప్పుల చప్పుడైతే చాలు, తల ఎత్తేది. తెల్లారేసరికి ఎత్తడం మానేసింది. ఎనిమిదింటికి యోసేపొచ్చి అక్క కాళ్లమీద పడి ఏడ్చాడు. ఆ ఏడుపులోనూ శ్రుతి తప్పలేదని సత్యవేదానికి గుర్తు. యోసేపు చేతికి అందకుండా దుప్పటి లాగి ఆమె కాళ్లు కప్పేశాడు.

"తప్పేనండీ," అన్నాడు యోసేపు.

"పక్కకి జరుగు. నిప్పు రాజెయ్యాలి."

పొద్దు గట్టు వెనక్కి దిగింది. మంట చుట్టూ జనం చేరారు. యోసేపు ఒక గడ్డి మోపు మీద చతికిలబడి, ఎవరిదో డప్పు అడిగి తీసుకుని, తనే వాయించుకుంటూ ఎత్తుకున్నాడు. నిర్మల నాట్లలో పాడిన పాట.

"నారు అందించవే వదినా, నడుము వాలే పొద్దాయె..."

మూడో దెబ్బ వెనకపడుతోంది. సత్యవేదం పళ్లు బిగబట్టి రెండు వరుసలు ఓర్చుకున్నాడు. మూడో వరుసకి లేచి వచ్చాడు.

"ఇటియ్యి. పాటని చంపేస్తున్నావు."

యోసేపు ఇచ్చేశాడు. సత్యవేదం అతని మొహం చూడకుండా పక్కన నిలబడి వాయించాడు. వేళ్లు ఏమీ మరిచిపోలేదు. దానికీ అతనికి కోపమే వచ్చింది.

రెండో చరణం అయింది. చరణానికీ చరణానికీ నడుమ పాటగాడు ఊపిరి తీసుకుంటాడు. అతను మళ్లీ అందుకునేదాకా డప్పు ఆగకూడదు. తిప్పి తిప్పి అదే వరస వాయించాలి. అది రివాజు. యోసేపు తల వంచుకున్నాడు. సత్యవేదం ఒక వరస తిప్పాడు. రెండు తిప్పాడు. ఆయాసం కాబోలని దెబ్బ నెమ్మది చేశాడు. ఆరు తిప్పాడు.

"అందుకోరా," అన్నాడు.

మంకీ క్యాపు ముందుకు వాలింది. మానస వంగి యోసేపు భుజం పట్టుకుంది. తర్వాత ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

"తాతగారండీ... ఆపెయ్యండి. లేరండీ."

సత్యవేదం ఆ వరస పూర్తిచేసి ఆపాడు.

వ్యాను వచ్చి యోసేపును తీసుకెళ్లింది. సత్యవేదం వెంట వెళ్లలేదు. చెరువు కాపలా ఉందన్నాడు.

పొద్దున్నే గుడారాలు విప్పేస్తుంటే ఉండి ఊరి నుంచి వచ్చిన ఇమ్మానుయేలు డప్పు పట్టుకొచ్చాడు.

"బాబాయిగారండీ, యోసేపుగారి పేరున ఒక్క పాట పాడి వెళ్తాం. మంచుకి తోలు మెత్తబడిపోయింది. కాస్త సెగ చూపిస్తారా?"

"గడ్డి అయిపోయింది."

"అదుగో, ఒక మోపుందిగా."

"అది పచ్చిది. అంటుకోదు," అన్నాడు సత్యవేదం, చీపురు తీసుకుని బూడిద ఊడుస్తూ.

ఆ మోపు గలగలలాడేలా ఎండి ఉంది. పైన మాత్రం, మనిషి కూర్చున్నంత మేర, గడ్డి నలిగి గుంటపడి ఉంది.