నల్లగోడ మీద తెల్లాకు

మా మామగారు ఒకప్పుడు దుకాణాలకు బోర్డులు రాసేవారు. కంటి నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు మళ్లీ రాదనీ డాక్టరు చెప్పాక ఆయన కుర్చీని హాల్లో కిటికీ పక్కకు జరిపాం. ఎదురుగోడ దగ్గర నేను పెంచే మనీప్లాంటు ఉంది. ఆకుల మీద సున్నం చిలకరించినట్టు తెల్లమచ్చలుండే రకం. పీచు చుట్టిన కర్రను పట్టుకుని పైకి పాకుతుంది.

ఆ ఏడు దానికొక కొమ్మ పూర్తిగా తెల్లగా వచ్చింది. మచ్చుకైనా పచ్చచుక్క లేదు. చూడ్డానికి ముచ్చటే గానీ ఉంచకూడదు. కత్తెర తెచ్చాను.

"ఏం కోస్తున్నావమ్మా?"

"తెల్లకొమ్మ, మామయ్యగారూ. పచ్చదనం లేదు కదా, తన తిండి తను చేసుకోలేదు. మిగతా తీగంతా దీన్ని మేపాలి."

"అంటే నాలాగే. మరి నన్నెప్పుడు కోస్తావు?"

"అవేం మాటలండీ!"

ఆయన నవ్వలేదు. "ఉండనీయమ్మా. ఈ గదిలో నా కంటికి మసగ్గానైనా ఆనేది అదొక్కటే."

కత్తెర తీసుకెళ్లి సొరుగులో పెట్టేశాను.

ఆ ఆదివారం మా ఆయన చేత ఆ గోడకు నల్లరంగు వేయించారు. "తెలుపు ఒట్టి సోమరిదిరా. వెనకాల నలుపుంటే గానీ నిలబడదు," అని కుర్చీలోంచే అజమాయిషీ.

"చాకిరీ నాది, పేరు పెయింటరుది," అని గొణిగారు మా ఆయన, ముక్కుకు అంటిన రంగు తుడుచుకుంటూ.

అప్పట్నుంచీ మామగారు పొద్దున్నే వచ్చి కూర్చోగానే గోడకేసి చూసి, "ఉంది," అనేవారు. ఆ తర్వాతే కాఫీ.

తెల్లాకుల అంచులు మాడినట్టు గోధుమరంగుకు తిరిగాయి. కిటికీకి పలచటి తెర కట్టాను, నీళ్లు తగ్గించాను. ఏం చేసినా ఒకదాని వెనక ఒకటి ముడుచుకుపోయాయి. ఆఖరుది కూడా వాడిపోయిన రోజు, ఆయన లేవకముందే తుంచి చెత్తబుట్టలో వేశాను.

ఆయన వచ్చి కూర్చున్నారు. గోడకేసి చూశారు. కాఫీ చల్లారిపోతోంది.

"అయిపోయిందమ్మా," అన్నారు. "కళ్లు."

"కళ్లు కాదు మామయ్యగారూ! ఆకే పోయింది. ఇందాక నేనే తుంచేశాను."

"నా మనసు కష్టపెట్టలేక అంటున్నావు."

"ఒట్టు. ఉండండి, తెల్లసాసరు తెచ్చి అక్కడే పెట్టి చూపిస్తాను."

వంటింట్లోంచి సాసరు తెచ్చాను. ఆకు ఉండిన చోటే, నల్లగోడకు దగ్గరగా పట్టుకున్నాను. తెర పక్కకు లాగేసి ఉంది, ఎండ సరిగ్గా దాని మీదే పడుతోంది. ఆయన మెడ ముందుకు చాచారు. కళ్లు చికిలించారు. సాసరును అటూ ఇటూ కదిపాను, అది గోడకు టక్కున తగిలింది.

"తెచ్చావా?" అన్నారు.

"ఇంకా లేదు మామయ్యగారూ. ఎక్కడ పెట్టానో ఏమో, కనబడట్లేదు."

ఆయన చప్పుడైన వైపే చెవి ఒగ్గారు.

"తొందరేం లేదమ్మా," అన్నారు. "నెమ్మదిగా వెతుక్కో."