చట్నీ జారు

గర్రుమని శబ్దం వస్తోంది గానీ జారులో బ్లేడు తిరగడం లేదు. మాధవీలత స్విచ్ ఆపి మళ్ళీ వేసింది. ఈసారి రబ్బరు కాలిన వాసన కూడా వచ్చింది. గబుక్కున ప్లగ్గు లాగేసింది.

మిక్సీ తనదైతే అంత కంగారు పడేది కాదు. అది పక్కింటి జ్ఞానమ్మగారిది.

నాలుగు నెలలపాటు ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు. డాబా మీద ఎండబోసిన రొయ్యల్ని జ్ఞానమ్మగారి పిల్లి తినేసిందని మాధవీలత ఒక మాట అంది. కాపలా లేకుండా ఎవరు ఎండబోసుకోమన్నారని ఆవిడ రెండంది. అంతే. మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా, ఆవిడే గోడ మీంచి చింతచిగురు పొట్లం అందించింది.

"ఎండు రొయ్యలేసి వండుకో అమ్మాయ్. మీ డాబా ఎక్కొద్దని మా పిల్లికి గట్టిగా చెప్పాన్లే."

ఇద్దరూ నవ్వేశారు. ఆ ధైర్యంతోనే ఇవాళ పొద్దున, చల్లపల్లిలో పెళ్ళికి బయల్దేరుతున్న ఆవిణ్ణి మాధవీలత మిక్సీ అడిగింది. ఆవిడ ఒక్క క్షణం ఆగి, లోపలికెళ్ళి తెచ్చిచ్చింది. వాళ్ళ వీధిలో ఎవరి గిన్నెనీ ఉత్తగా తిరిగివ్వరు. రొయ్యల పొడి చేసి, ఆవిడ చట్నీ జారు నిండా పెట్టి ఇద్దామని మాధవీలత అనుకుంది. ఇప్పుడు జారులో రొయ్యలు సగం నలిగి ఆగిపోయాయి. సాయంత్రానికి ఆవిడ బస్సు దిగుతుంది. మళ్ళీ మాటలు ఆగిపోతాయేమో!

"కాలిపోయింది," అన్నాడు గుమ్మంలోంచి ఆమె మొగుడు బంగార్రాజు. సముద్రంలో చేపల వేట నిషేధం కదా, బోటు గిలకలదిండి రేవులో ఊరికే ఉంది. అతనికి మాత్రం ఇంట్లో ఏదో ఒక పని దొరుకుతూనే ఉంది. మొన్న కుక్కరు బాగుచేశాడు. అప్పట్నుంచి అది కూత పెట్టడం మానేసింది.

"నీ నోటితో ఆ మాటనకు మావా. మన మిక్సీ కూడా కాలిపోయిందనే కదా మంచం కిందికి తోశావు?"

"అది నిజంగానే కాలిపోయింది."

"విప్పి చూశావా?"

"వాసన చూస్తే తెలీదా?"

"ఇది విప్పు."

జారు తీసి చూస్తే, అది కూర్చునే నల్ల రబ్బరు బిళ్ళకి పళ్ళు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. వాటి మధ్య ఓ గుడ్డపీలిక కూరి ఉంది. సగం కాలినా పసుపు రంగు తెలుస్తోంది. జ్ఞానమ్మగారి పాత చీర ముక్క.

"చూశావా?" అన్నాడు బంగార్రాజు. "పాడైపోయిందే ఇచ్చింది. నీ చేతిలో పోతే నువ్వు కొత్తది కొనిస్తావని."

"ఛ, ఆవిడ అలాంటి మనిషి కాదు," అంది మాధవీలత. అందే గానీ, పొద్దున ఆవిడ ఒక్క క్షణం ఆగడం గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

మిక్సీని బోర్లించి కింది మూత విప్పారు. లోపలి ఇరుసు కదలకుండా మాధవీలత స్క్రూడ్రైవరుతో అదిమి పట్టుకుంది. బంగార్రాజు బిళ్ళని పట్టుకారుతో తిప్పాడు. రాలేదు. కాలితో మిక్సీని తన్నిపెట్టి, వల లాగినట్టు లాగాడు. మెడ నరాలు ఉబ్బాయి గానీ బిళ్ళ మాత్రం ఇంకా బిగుసుకుంది.

"అటు బిగుస్తుంటే ఇటు తిప్పి చూడు మావా."

"ఇటు తిప్పితే బిగుస్తుందే! మా బోటు ఇంజనులో బోల్టులన్నీ అటే ఊడతాయి."

"ఇందులో మనం వేటకెళ్ళట్లేదు. ఇటు తిప్పు."

ఆమె మీద కోపంతో తిప్పాడు. బిళ్ళ సులువుగా ఊడొచ్చింది. బంగార్రాజు దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు.

"ఉల్టా మర," అన్నాడు, తానే కనిపెట్టినట్టు.

కోనేరు సెంటరుకెళ్ళి కొత్త బిళ్ళ తెచ్చాడు. షాపులో దాన్ని కప్లరంటారట. బిగించి, జారు పెట్టి, స్విచ్ వేశారు. మిక్సీ హుషారుగా తిరిగింది. ఎండుమిర్చి, వెల్లుల్లి, రొయ్యలు కలిసి మెత్తటి పొడైపోయాయి. వాసనకి గోడ మీద పిల్లి లేచి కూర్చుంది. మిక్సీ శుభ్రంగా తుడిచి, కడిగి ఆరబెట్టిన చట్నీ జారులో పొడి నింపి మూత పెట్టేసరికి, వీధి తలుపు దబాల్న తెరుచుకుంది.

జ్ఞానమ్మగారు. తన ఇంటి తాళమైనా తియ్యలేదు. పట్టుచీర, చేతిలో సంచి, ఎగశ్వాస.

"మాధవీ, ఆగిపోయిందా అమ్మా? నీ చేతిలోనే ఆగిపోయిందా?"

"అదీ... పిన్నిగారూ..."

"నా బుద్ధి మండ! అది పోయే మిక్సీ. గుడ్డ కూరి లాక్కొస్తున్నా. నువ్వు అడగ్గానే బాలేదందామనుకున్నా. అంటే ఇంకా కోపం పోలేదనుకుంటావు కదా! తీసుకొచ్చి ఇచ్చేశా. బస్సెక్కినప్పట్నుంచీ అదే దిగులు. బిర్యానీ కూడా సయించలేదంటే నమ్ము."

సంచిలోంచి ఓ చిన్న కవరు తీసింది. అందులో కొత్త కప్లరు. "చల్లపల్లి బస్టాండు పక్కన కొన్నా. నేనొచ్చేలోగా నువ్వు మొదలెట్టకూడదని దారంతా ప్రార్థన చేసుకున్నా."

మాధవీలత మిక్సీ స్విచ్ వేసింది. ఆ శబ్దానికి జ్ఞానమ్మగారు నోరు తెరిచింది. తర్వాత ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలి, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు.

"మరి ఈ రెండోది?" అన్నాడు బంగార్రాజు.

ఇద్దరూ ఒకేసారి మంచం వైపు చూశారు.

కింద నుంచి పాత మిక్సీ బయటికొచ్చింది. దాని బిళ్ళ పళ్ళూ అరిగే ఉన్నాయి. ఈసారి బంగార్రాజు ఎవరూ చెప్పకుండానే సరైన వైపు తిప్పాడు. కొత్తది బిగించగానే అది కూడా గిర్రున తిరిగింది.

"కాలిపోయిందన్నావుగా?" అంది మాధవీలత.

"వాసనైతే వచ్చిందిగా!"

జ్ఞానమ్మగారు కూడా నవ్వింది, కానీ కాసేపటికి నెమ్మదించింది. "అయితే ఇంక నా మిక్సీ కోసం రానక్కర్లేదన్నమాట."

బంగార్రాజు ఆవిడ మిక్సీ ఎత్తుకుని ముందు నడిచాడు. జ్ఞానమ్మగారు రొయ్యల పొడిని ఓ డబ్బాలోకి వంపించుకుని, ఖాళీ చట్నీ జారుని మళ్ళీ మాధవీలత గట్టు మీదే పెట్టింది.

"పిన్నిగారూ, జారు మర్చిపోతున్నారు."

"మర్చిపోలేదు. ఉండనీ," అంది ఆవిడ మెట్లు దిగుతూ. "ఉత్తగా తేకు మరి. రేపు మామిడికాయ పచ్చడైనా పర్లేదు."