జీపులోని బస్తా

పొడుగోడి తలపాగాలోంచి కాగితం పొట్లం జారిపడింది. అందులో చిటికెడు గంజాయి. గోడౌను గుమ్మంలో గింజలు ఊడుస్తున్న వాడి అక్క చీపురు ఆపి చూసింది. నడుం నొప్పికి తమ్ముడు అది పీలుస్తాడని ఆమెకు తెలుసు. తిట్టేది కూడా. వంద కిలోల బస్తాలు మొయ్యం, యాభై దాటితే ముట్టుకోం అని హమాలీల ముఠా అంతటి చేతా కాంట్రాక్టరుకి చెప్పించింది వాడే. చెప్పి మూడు రోజులు కాలేదు, పోలీసులొచ్చి నలభైమంది కూలీల్లో వాడొక్కడి తలపాగానే విప్పించారు.

"ఇంతేనా?" ఇన్‌స్పెక్టరు మొహం చిట్లించాడు. "సరే, జీపులో బస్తా ఉంది. దించు."

ఎత్తమంటే భుజం ఇవ్వడం ముఠావాడి ఒంట్లో ఉంటుంది. లోపలేముందని ఇరవయ్యేళ్లలో వాడు ఏ బస్తానీ అడగలేదు. వంగాడు, ఎత్తాడు, నిలబడ్డాడు. కానిస్టేబులు ఫోన్‌తో ఫొటో తీశాడు.

"గంజాయి మోస్తూ దొరికాడు. రాసుకో."

బస్తా వాసన అప్పుడు తగిలింది పొడుగోడికి. అంత గంజాయికి పదేళ్ల జైలుకు తక్కువ పడదట. మేడమీద కాంట్రాక్టరు పళ్లు కుట్టుకుంటున్నాడు.

వాణ్ణి ఎక్కించుకుని జీపు వెళ్లాక ముఠా కాటా దగ్గర గుమిగూడింది.

"మనోడిది పాడు అలవాటే కదమ్మాయ్," అన్నాడు ముసలి మేస్త్రీ. "చట్టం ఊరుకుంటుందా?"

"పాడు అలవాటే. నేను కాదన్నానా బాబాయ్?" చీపురు చంకన పెట్టి ముందుకొచ్చింది అక్క. "మరి నా మొగుడెలా పోయాడు? ఎదురుగా ఆ బ్రాందీ కొట్లో తాగి తాగి పోయాడు. అది కాంట్రాక్టరు బావమరిదిది. నా మొగుణ్ణి మింగినదానికి లైసెన్సూ, నా తమ్ముడి నొప్పి తగ్గించేదానికి జైలూనా?"

"పోనీ నిషేధంతో గంజాయి ఆగిందా?" అన్నాడు కాటా తూచేవాడు. "కాంట్రాక్టరు కొడుకు కార్లో కూర్చుని పీలుస్తాడు. ఆ కారు తలుపు తట్టే మొనగాడేడీ?"

"గంజాయి ఆగక్కర్లేదురా, మన నోరాగితే చాలు వాళ్లకి," అంది అక్క. "మానలేనివాణ్ణి డాక్టరు దగ్గరికి పంపాలి. బ్రాందీకి పెట్టినట్టే దీని అమ్మకానికీ హద్దులు పెట్టాలి. దేశమంతా ఈ నిషేధం రద్దవ్వాలి. అందాకా మనలో ఎవడి భుజానికైనా వాళ్ల దగ్గర ఒక బస్తా తయారుగా ఉంటుంది."

మేస్త్రీ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"పదండి."

స్టేషను ముందు కోర్టు వ్యాను ఆగి ఉంది. యూనిఫాం నలగకుండా ఇద్దరు కానిస్టేబుళ్లు ఆ బస్తాని కాలితో జరుపుతున్నారు. ఇన్‌స్పెక్టరు గుంపును చూసి, రోజూ పిలిచినట్టే వేలు చూపించాడు.

"ఒరేయ్, ఒకడు రండి. వ్యానులోకెత్తండి."

మేస్త్రీ చేతులు కట్టుకున్నాడు. వెనక ముఠా అంతా చేతులు కట్టుకుంది.

"లోపలేముందో, ఎవరిదో చెప్పండి సార్. అప్పుడు చూద్దాం."

"సర్కారు పనికి అడ్డొచ్చారని అందరిమీదా కేసు రాస్తాను."

అక్క వెళ్లి బస్తామీద కూర్చుంది. లోపల లాకప్పు ఊచల వెనక తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"రాసుకో. నాతో మొదలుపెట్టు. ఫొటో కూడా తీసుకో."

మేస్త్రీ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. చోటు చాలక మిగతావాళ్లు మెట్లమీదా, వ్యాను చక్రాల ముందూ కూర్చున్నారు. వ్యాను కదల్లేదు. అవతల గోడౌనులో ఆ రోజు ఒక్క బస్తా కూడా కదల్లేదు.