నిండిన చెంపలు

పరమేశ్ తాండూరు బస్టాండు వెనక మందుల దుకాణం తెరిచిన ఏడాదే వాళ్లమ్మ బీరమ్మకు వేళ్ల కీళ్లు వాచాయి. పొద్దున లేస్తే గొర్రెపిల్ల మెడకు తాడు ముడి వేయడానికి కూడా చేతులు వంగేవి కావు. పెద్ద డాక్టరుకు చూపిద్దామనుకుంటూనే, ముందు నొప్పి తగ్గనీ అని పరమేశ్ చిన్న తెల్ల గోళీలు తెచ్చిచ్చాడు. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్. తాను పని నేర్చుకున్న దుకాణంలో నొప్పులని వచ్చినవాళ్లకు ఇచ్చే గోళీ అదే. చవక, చురుకు.

రెండు రోజుల్లో బీరమ్మ వేళ్లు వంగాయి. ఈనిన గొర్రెను తనే పట్టి పిల్లకు పాలు తాగించింది. పెద్ద డాక్టరు మాట ఇద్దరూ మరిచిపోయారు, గోళీలు మాత్రం నెలల తరబడి సాగాయి.

గొర్లు కాసే ఇంట్లో ఆరోగ్యమంటే కండ. సంతలో జీవాన్ని కొనేముందు నడుం మీద చెయ్యేసి చూస్తారు. మనుషుల్నీ అలాగే చూస్తారు. ఒక పెళ్లిలో కలిసిన చుట్టాలు బీరమ్మ నిండిన చెంపలు పట్టుకుని, కొడుకు చదువు తల్లి ముఖంలో కనబడుతోందన్నారు. వాళ్ల కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటివాడు పరమేశ్. ఆ మాట అతనికి ఎంత తియ్యగా తగిలిందంటే, కాలేజీ పుస్తకంలో ఈ మందు తెచ్చే గుండ్రటి ముఖం బొమ్మ కింద తాను గీత గీసుకున్న సంగతే గుర్తు రాలేదు. పరీక్షలో దాని గురించి రాసి మార్కులు తెచ్చుకున్నాడు. రోజూ తనకు అన్నం పెట్టే మనిషి ముఖంలో మాత్రం దాన్ని పోల్చుకోలేకపోయాడు.

చేతుల మీద నీలం మచ్చలు లేచాక గాని కళ్లు తెరుచుకోలేదు. షుగర్ చూస్తే మస్తు పెరిగి ఉంది. భయపడి ఆ పొద్దే గోళీలు బంద్ పెట్టించాడు. ఇలాంటి మందును ఒక్కసారి ఆపకూడదని చదివినవాడే. వారం తిరక్కముందే బీరమ్మకు వాంతులు పట్టుకున్నాయి, కళ్లు తిరిగి వాకిట్లో పడిపోయింది. వికారాబాద్ ఆస్పత్రికి చేర్చేసరికి బీపీ బాగా పడిపోయింది.

డాక్టరమ్మ ఆమె ముఖం చూసింది, పొట్ట మీది ఎర్ర చారలు చూసింది, ఏం గోళీలు మింగుతున్నావని అడిగింది. పడుకున్న చోటి నుంచే బీరమ్మ తడుముకోకుండా చెప్పింది.

"గోళీలు గిట్ల ఏం లేవు బిడ్డా. బషీరాబాద్ దిక్కు ఒక ముసలాయన పొడి ఇస్తడు. తేనెల కలుపుకొని నాకిన."

డాక్టరమ్మ ఆ ముసలాయనను తిట్టింది. తెలిసీ తెలియని చేతులతో మనుషుల పానాలు తీస్తున్నారంది. మందుల చదువు చదివిన కొడుకు ఇంట్లో ఉండగా ఇదేమిటని పరమేశ్‌ను అడిగింది. ఆ ముసలాయన ఎక్కడా లేడు కాబట్టి ఆ తిట్లూ ఎక్కడికీ పోలేదు. పరమేశ్ దగ్గరే ఆగాయి.

ముందు హైడ్రోకార్టిసోన్ సూది ఇమ్మని నర్సుకు చెప్పి, ఆమె అతన్ని పక్కకు పిలిచింది. పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటారని, అది ఆగిన ఒంటికి ఇప్పుడు త్వరగా అందాల్సింది ఈ సూదేనని, తేరుకున్నాక ప్రెడ్నిసొలోన్‌కు మార్చి పొద్దున పూట ఇస్తూ డోసు మెల్లగా దించుకుంటూ రావాలని చెప్పింది.

"కని ఎంత నుంచి షురూ చెయ్యాలె? గా పొడిల ఏముందో తెల్వకుంట అందాజ మీద ఇయ్యాల్సొస్తది. తక్కువైతే మల్ల పడిపోతది."

పరమేశ్ తల్లి వైపు చూశాడు. బీరమ్మ వద్దన్నట్టు తల ఊపింది.

"పొడి కాదు మేడం. డెక్సా. నేనే ఇచ్చిన. మొన్న నేనే ఆపిన."

డాక్టరమ్మ తిట్టలేదు. ఎంత డోసు, ఎన్ని నెలలు అని అడిగితే చెప్పాడు. తిట్టినా బాగుండేదనిపించింది. వెళ్లబోతూ ఆగి, ఇంకెవరికైనా ఇచ్చావా అని ఆమె అడిగింది. ఇచ్చానన్నాడు.

ఆమె పోగానే బీరమ్మ గొణిగింది.

"దుకాణం మూయిస్తరని నేను అబద్ధమాడితి గదరా. నీకు నోరు ఆగదా?"

"నీ పానం పోతుండెనే అవ్వా."

"పోతే నాదే గద."

ఆమె లేచి కూర్చున్న రోజు, చెల్లెలు అంబికను దగ్గర ఉంచి పరమేశ్ తాండూరు రైలెక్కాడు. దుకాణానికి పోలేదు. బీరమ్మను చూసి తనూ ఆ గోళీలే కావాలని వచ్చిన శంకరమ్మ ఇంటికి పోయాడు. ఆమె వాకిట్లో కందులు చెరుగుతోంది. బీరమ్మ ఎట్లుందని అడిగి, జవాబు వినకుండానే ముఖం ముందుకు చాపింది.

"చూడు కొడుకా, మీ అవ్వ లెక్కనే నా చెంపలు గూడ నిండవట్టె. మా కోడలు కుళ్లుకుంటుంది."

ఇదివరకైతే ఈ మాటకు నవ్వేవాడు. చెప్పులు విడిచి ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు. గోళీలు నీ అంతట నువ్వు ఆపొద్దని ముందు చెప్పాడు. రేపు పొద్దున తనతో వికారాబాద్ రమ్మన్నాడు. ఎందుకని అడిగింది శంకరమ్మ.

"గది కండ గాదు పెద్దమ్మా, మందు జేసింది. తెలిసి గూడ ఇచ్చిన."

చాట ఆగింది. శంకరమ్మ ఒక వేలితో చెంపను నొక్కి చూసుకుంది, సంతలో జీవాన్ని చూసినట్టే. తర్వాత అతని ముఖంలోకి చూసింది. లేచి పోవాలనిపించినా పరమేశ్ కదల్లేదు. ఈ చూపు ఇంకా కొన్ని వాకిళ్లలో ఎదురుచూస్తోందని అతనికి తెలుసు.