ఆకుపచ్చ ఇసుక పొర

రాతిలో ఇరుక్కున్న ఎముకలను విడదీయడం మ్యూజియంలో ఆమె పని. ఆ చలికాలం చేతికొచ్చిన బండ మీద ‘తాబేలు’ అని రాసి ఉంది. ఎక్కడ తవ్వారో రాసిన కాగితం ఎప్పుడో చెదలపాలైంది. నాలుగు నెలలు సూదిమొనతో గీకాక బయటపడింది పెంగ్విన్ కాలి ఎముక. పొట్టిగా, లావుగా, చివర మూడు వేళ్లకు మూడు బొడిపెలతో ఉంది. పరిమాణంలో ఇప్పటి పెంగ్విన్ల ఎముకకు రెండింతలు.

శాఖాధికారి కళ్లజోడు సర్దుకుని చూశాడు. “పెంగ్విన్‌దే. కానీ ఏ పొరలోదో తెలియనప్పుడు ఏ కాలందని చెప్పను? స్టోర్‌లో పెట్టేయమ్మా.”

“కొన్నాళ్లు ఆగండి సార్. పొర నేను కనుక్కుంటాను.”

గీకిన రాతిపొడిని ఆమె పారేయలేదు. భూతద్దం కింద అందులో ఆకుపచ్చ ఇసుక రేణువులు, ఆవగింజంత నత్తగుల్లలు కనిపించాయి. మ్యూజియం వాళ్లు అప్పట్లో తవ్వింది సముద్రం ఒడ్డున ఉన్న కొండచరియ ఒక్కటే. అందులో ఇరవై మూడు పొరలు.

ఆదివారం అక్కను బయల్దేరదీసింది. అక్క బస్సు డ్రైవరు. సెలవురోజూ స్టీరింగేనా అని సణుగుతూనే కారు తీసింది. అలలు వెనక్కి తగ్గిన మూడు గంటలే చరియ కిందికి వెళ్లే వీలు. మొదటి వారం ఆరు పొరలు చూశారు. రెండో వారం వాన తరిమేసింది. మూడో వారానికి అక్కకు ఒళ్లు హూనమైంది.

“నువ్వు పట్టిన పట్టు విడవవు కదే.”

“కారులో కూర్చో అక్కా.”

“కూర్చుని ఏం చేయను? ఇసుక నింపే ఆ సీసా ఇటివ్వు.”

నీళ్లు మడమలు తాకుతుండగా, బెత్తెడు మందం తెల్లటి బూడిద పొర కింద ఆమె చెయ్యి ఆగింది. పిడికెడు ఇసుక తీసి భూతద్దం పెట్టింది. అవే రేణువులు, అవే గుల్లలు.

“అదేనా?” అంది అక్క.

“అదే. పైనున్నది అగ్నిపర్వతం బూడిద. దాని వయసు కొలవొచ్చు. మన పక్షి అంతకన్నా పాతది.”

“ఎంత ఎత్తుండేది?”

“నీ గడ్డం దాకా.”

అక్క అరచేతిని గడ్డం కింద పెట్టుకుని, పక్కన ఎవరో నిలబడినట్టు కాసేపు చూసింది.

బూడిద వయసు మూడు కోట్ల అరవై లక్షల ఏళ్లని పరీక్షలో తేలింది. శాఖాధికారి ఆ కాగితం రెండుసార్లు చదివి, తవ్వకానికి అనుమతి రాసిచ్చాడు. వేసవికల్లా అదే పొరలో రెక్క ఎముక ఒకటి దొరికింది. ముందు చూసింది అక్కే.